కళాశాల ఆటల్లో విద్యార్థి ప్రేక్షకులు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్

కళాశాలల మధ్య పోటీలు జరిగేటప్పుడు తమ జట్టుకు దన్నుగా తరలివచ్చే విద్యార్థులు, వాళ్లు కూర్చునే లేదా నిలబడే చోటు, వాళ్ల కేకలతో ఆటకు వచ్చే ఊపు ఈ వ్యాసానికి విషయం. అమెరికా విశ్వవిద్యాలయాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ చుట్టూ ఇది నూరేళ్లకు పైబడి స్థిరపడిన ఏర్పాటు. దక్షిణ తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అదే ఉత్సాహం కబడ్డీ, వాలీబాల్, ఖోఖో కోర్టుల చుట్టూ కనిపిస్తుంది. ఫుట్‌బాల్ మైదానం దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. ఇక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ మీద మోజు తక్కువని సాధారణంగా చెబుతారు. అది సగం నిజమే. జనం ఎక్కడ నిలబడుతున్నారు, ఒకరికొకరు ఎంత దగ్గరగా ఉన్నారు అన్నది మిగతా సగం. దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల కూడా మన కళాశాలల్లో ఫుట్‌బాల్‌కు చూసేవాళ్లు కరువయ్యారు.

మైదానాలు, పోటీలు

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. అంతవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే జనం నోట పాలమూరులో, భాగాలు. అంతకు ముందు నిజాం రాజ్యంలో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు. ఆ కాలపు కట్టడాల్లోనే నేటి విద్యాసంస్థలు కొన్ని నడుస్తున్నాయి. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ ఉంది, దాన్ని ప్రారంభించింది జవాహర్‌లాల్ నెహ్రూ. కొల్లాపూర్‌లో రాణి ఇందిరాదేవి పేరున్న విద్యాసంస్థ మైదానాన్ని ఊరంతా ఆర్‌ఐడీ మైదానం అంటుంది. గద్వాలలో తేరు మైదానం, వనపర్తిలో బాలకిష్టయ్య క్రీడా మైదానం, నాగర్‌కర్నూల్‌లో జెడ్పీ హైస్కూల్ మైదానం పేరున్నవి. ఆటలకూ సభలకూ ఉత్సవాలకూ అవే ఆధారం.

డిగ్రీ కళాశాలలు ఒకప్పుడు ఉస్మానియా కింద ఉండేవి. 2008లో మహబూబ్‌నగర్ కేంద్రంగా పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి మారాయి. అంతర్ కళాశాలల పోటీల్లో రాణించినవారిని ఏరి విశ్వవిద్యాలయ జట్టు కడతారు. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే దక్షిణ మండల పోటీలకు వెళ్తుంది. అందుకే ఇక్కడ ఒక కబడ్డీ మ్యాచ్‌లో రెండు లెక్కలు నడుస్తుంటాయి. ఒకటి కళాశాల గెలుపు, రెండోది ఆటగాడి ఎంపిక. చూడవచ్చిన విద్యార్థులకు ఈ రెండూ తెలుసు. తమ వాడు ఓడిన జట్టులో ఉన్నా, మంచి పట్టు పట్టినప్పుడు ఎంపిక చేసే సార్ల చెవిన పడేలా పేరు పెట్టి అరుస్తారు.

2016–17 నుంచి డిగ్రీలో సెమిస్టర్ పద్ధతి వచ్చింది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, వాటికి తోడు ఇంటర్నల్స్. ఆటల తేదీలు ఆ సందుల్లో ఇరుక్కుపోతున్నాయి. తరగతులు జరిగే రోజున పోటీ పెడితే ఆతిథ్యమిచ్చే కళాశాల పిల్లలే వస్తారు. సెలవు రోజున పెడితే వాళ్లూ రారు, ఎందుకంటే చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్‌పాస్ మీద వచ్చిపోయేవాళ్లు. సాయంత్రం ఊరికి వెళ్లే చివరి బస్సు ఎన్నింటికి ఉందో దాన్నిబట్టి ప్రేక్షకుల సంఖ్య మారుతుంది. ఫైనల్‌ను నాలుగు దాటాక పెడితే కోర్టు చుట్టూ మిగిలేది ఊరివాళ్లు, హాస్టల్ పిల్లలు. హాస్టల్ పిల్లలు వచ్చారంటే మాత్రం ఆ మైదానం వేరు. ఒకే గదిలో పడుకుని, ఒకే బంతిలో తిని, తెల్లవారుజామున కలిసి పరుగెత్తినవాళ్లు కనుక వాళ్ల కేక ఒక్క గొంతుతో వస్తుంది. సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు ఈ ప్రాంతపు క్రీడలకు ఆటగాళ్లను ఎంత ఇచ్చాయో, ప్రేక్షకులనూ అంతే ఇచ్చాయి. ఈ రెండో సంగతిని ఎవరూ రాసిపెట్టలేదు.

నిలబడే తీరు

చాలా కళాశాలల్లో విద్యార్థులకంటూ గ్యాలరీ ఉండదు. షామియానా వేస్తారు, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. ముఖ్య అతిథి, ప్రిన్సిపాల్, అధ్యాపకులు, దాతలు అక్కడ కూర్చుంటారు. నీడ వాళ్లది, ఎండ పిల్లలది. మైక్ సెట్టు కూడా ఆ దిక్కే ఉంటుంది కనుక స్కోరు చెప్పేది, పాట వేసేది షామియానా నుంచే. మిగతా మూడు దిక్కులా విద్యార్థులు సున్నపు గీత వెంట చేరతారు. ముందు వరుస చిన్నవాళ్లు గొంతుక్కూర్చుంటారు, వెనక వరుస మోకాళ్ల మీద, ఆ వెనక నిలబడినవాళ్లు. ప్రహరీ గోడ ఎక్కినవాళ్లు, వేపచెట్టు కొమ్మ మీదివాళ్లు, బైకు సీటు మీద నిలబడినవాళ్లు పై అంతస్తు. ఈ మెట్లు ఎవరూ కట్టినవి కావు, అయినా వెనకవాడికి ఆట కనబడుతుంది. పీడీ సార్ (వ్యాయామ అధ్యాపకుడు) విజిల్ ఊదుతూ వచ్చి గీత మీదికి జరిగిన కాళ్లను వెనక్కి నెడతాడు. ఐదు నిమిషాల్లో గీత మళ్లీ కనబడదు.

అమ్మాయిలు సాధారణంగా ఒక పక్కకు చేరి కూర్చుంటారు, ఎండకు చున్నీ తలమీద కప్పుకుని. అమ్మాయిల పోటీ జరిగేటప్పుడు అబ్బాయిల ఈలలు ఎక్కడ ప్రోత్సాహంగా ఉంటాయో, ఎక్కడ వెకిలిగా మారతాయో ఆడేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. అందుకని కొందరు పీడీలు అమ్మాయిల మ్యాచ్‌కు ఒక నిడివి గీతను పూర్తిగా విద్యార్థినులకే కేటాయిస్తారు. ఇది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది కానీ దీని ఫలితం పెద్దది. తమ కళాశాల అమ్మాయిలు కళ్లెదురుగా వరుసగా కూర్చుని పేరు పెట్టి పిలుస్తుంటే కబడ్డీలో రైడ్‌కు వెళ్లే పిల్ల అడుగు మారుతుంది. ఈ మూడు జిల్లాల కళాశాలల్లో విద్యార్థులకంటూ ప్రత్యేకంగా ఇచ్చిన చోటు ఏదైనా ఉందంటే, నా దృష్టిలో మొదట లెక్కించవలసింది ఇదే.

వాద్యానికి డప్పు ఉంది. ఫైనల్‌కు కళాశాలవాళ్లో ఊరివాళ్లో డప్పు తెస్తే ఆట నడక డప్పు చేతికి వెళ్తుంది. కబడ్డీలో ఇది చిక్కు కూడా తెస్తుంది. రైడర్ కూత ఆపకుండా పెడుతున్నాడా లేదా అన్నది అంపైర్ చెవితో పట్టవలసిన విషయం. చుట్టూ మూడు వందల గొంతులు, ఒక డప్పు మోగుతుంటే కూత తెగిందో లేదో తేల్చడం కష్టం. అనుభవమున్న అంపైర్ రైడర్ పెదవులు చూస్తాడు. అనుభవమున్న ప్రేక్షకులు తమ రైడర్ గీత దాటగానే గొంతు తగ్గించి, అతడు తిరిగి మధ్యగీత తాకగానే విరుచుకుపడతారు. ఎదుటి జట్టు రైడర్ వచ్చినప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు.

గీత పొడవు, జనం దట్టం

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. దాని చుట్టుకొలత 46 మీటర్లు. వాలీబాల్ కోర్టు 18కి 9, చుట్టుకొలత 54 మీటర్లు. ఫుట్‌బాల్ మైదానం ప్రామాణిక కొలత 105కి 68, చుట్టుకొలత 346 మీటర్లు. ఒక డిగ్రీ కళాశాల నుంచి మూడు వందల మంది వచ్చారనుకుందాం. కబడ్డీ కోర్టు చుట్టూ వాళ్లు మీటరుకు ఆరుగురు చొప్పున నిలబడతారు, అంటే మూడు నాలుగు వరుసల మనుషుల గోడ. అదే మూడు వందల మంది ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పరుచుకుంటే మీటరుకు ఒక్కరు కూడా రారు. కబడ్డీలో మధ్యగీత నడుమ నిలబడిన ఆటగాడికి పక్కగీత ఐదు మీటర్లు. ఫుట్‌బాల్ మధ్యలో ఉన్నవాడికి దగ్గరి గీత 34 మీటర్లు. ఒకడి కేక పక్కవాడికి అందదు, ఆటగాడికి అసలే అందదు. ఒకరి ఉత్సాహం ఇంకొకరికి అంటుకోవడానికి భుజం భుజం తగలాలి. కబడ్డీ కోర్టు ఆ పని దానంతటదే చేస్తుంది. ఫుట్‌బాల్ మైదానంలో ఎవరో ఒకరు పూనుకుని జనాన్ని ఒకచోట చేర్చాలి.

ఖోఖో ఈ రెంటికీ మధ్య ఉంటుంది: 27కి 16 మీటర్లు. అందులో పరుగు ఎక్కువ కనుక జనం కూడా గీత వెంట కదులుతుంటారు.

జాతర నేర్పిన చూపు

నడిగడ్డలో, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపూర్ ప్రాంతంలో, విద్యార్థులు జనంలో నిలబడి చూడటం మొదట నేర్చుకునేది కళాశాలలో కాదు, బండలాగుడు పోటీల్లో. జాతరల సందర్భంగా జరిగే ఈ పోటీలకు పక్కనున్న కర్నూలు దిక్కు నుంచి, రాయచూరు దిక్కు నుంచి కూడా ఎద్దుల జతలు వస్తాయి. పళ్ల సంఖ్యను బట్టి విభాగాలు ఉంటాయి. నిర్ణీత సమయంలో జత ఎన్ని అడుగులు లాగిందన్నదే గెలుపు. పొడవాటి బాట, దానికి రెండు పక్కలా జనం. జత కదిలిన కొద్దీ పక్కల నుంచి కేక కూడా అలగా కదులుతుంది. వ్యాఖ్యాత మైకులో జత యజమాని ఊరు, పేరు, ఎద్దుల గత విజయాలు చెబుతాడు. ఏ జత ఎవరిదో తెలియనివాడు కూడా రెండో తిరుగుడుకల్లా ఒక పక్షం తీసుకుంటాడు.

ఆ చూపే కళాశాల మైదానానికి వస్తుంది. ఇంట్లో తండ్రి ఎద్దులు కట్టినవాడు, అన్న ఊరి కబడ్డీ జట్టులో ఆడినవాడు డిగ్రీలో చేరి కోర్టు పక్కన నిలబడినప్పుడు ఎప్పుడు అరవాలో అతడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫుట్‌బాల్‌కు ఇక్కడ అటువంటి ఇంటి వారసత్వం లేదు. ఆఫ్‌సైడ్ ఎందుకు ఇచ్చారో తెలియక జనం మౌనంగా ఉండిపోయే సందర్భాలు అందువల్లే.

హైదరాబాద్ ఫుట్‌బాల్ మాట

తెలంగాణలో ఫుట్‌బాల్ జనం లేరని దీని అర్థం కాదు. ఆ జనం హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఉస్మానియా విద్యార్థిగా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, ఉపాధ్యాయుడిగా పనిచేసి, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. దేశంలో కళాశాల ఫుట్‌బాల్ నుంచి అంత ఎత్తుకు వెళ్లిన దారి ఒకటి ఉస్మానియా నుంచి మొదలైంది. అదే ఉస్మానియా కింద దశాబ్దాల పాటు ఉన్న పాలమూరు కళాశాలలకు ఆ ఆట ఊపు చేరలేదు.

ప్రేక్షకుల గురించి చెప్పేటప్పుడు 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌ను దాటిపోలేం. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారత ప్రతినిధి తప్పుపట్టడంతో ఇండోనేషియా జనం భారత్ మీద మండిపడ్డారు. లక్ష మంది స్థాయి స్టేడియంలో భారత జట్టును అరుపులతో ఎగతాళి చేశారు. ఆ హోరులోనే రహీం జట్టు దక్షిణ కొరియాను 2–1తో ఓడించింది. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్ కొట్టారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. 

ఇటీవలి కాలంలో 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలి బాలయోగి స్టేడియంను ఇల్లుగా చేసుకుంది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. కరోనా కారణంగా ఆ సీజనంతా గోవాలోనే జరిగింది కనుక అంతటి విజయం సొంత జనం ముందు దక్కలేదు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. డిగ్రీ పిల్లలు బస్సు కట్టించుకుని వెళ్లి చూడదగిన అగ్రశ్రేణి ఫుట్‌బాల్ దాంతో మళ్లీ దూరమైంది.

అమెరికాలో విద్యార్థి గ్యాలరీ

అమెరికన్ ఫుట్‌బాల్ వేరే ఆట. బంతి కోలగా ఉంటుంది, చేతులతో విసురుతారు, పట్టుకుని పరుగెత్తుతారు. మొదటి అంతర్ కళాశాల పోటీ 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్‌ల మధ్య జరిగింది. 1898 నవంబర్‌లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ విద్యార్థి జానీ క్యాంప్‌బెల్ జనం ముందు నిలబడి కేకలు వేయించాడు. వ్యవస్థీకృత చీర్‌లీడింగ్‌కు దాన్నే మొదలుగా చెబుతారు. విద్యార్థి ప్రేక్షకులకు ఒక నాయకుడు కావాలన్న ఎరుక అంత పాతది.

టెక్సాస్ ఏ అండ్ ఎం కథ ఇంకా గాఢమైనది. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కళాశాలతో మ్యాచ్‌లో ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు గాయపడుతుంటే, పైన కూర్చున్న ఈ. కింగ్ గిల్ అనే విద్యార్థిని కోచ్ కిందికి పిలిచాడు. గిల్ దుస్తులు మార్చుకుని మ్యాచ్ అయ్యేవరకు గీత పక్కన సిద్ధంగా నిలబడ్డాడు. దిగవలసిన అవసరం రాలేదు, జట్టు 22–14తో గెలిచింది. అప్పటి నుంచి అక్కడి విద్యార్థులు తమను పన్నెండో ఆటగాడిగా భావించి ఆట సాగినంతసేపూ నిలబడే చూస్తారు. లక్షకు పైగా సీట్లున్న కైల్ ఫీల్డ్‌లో కూడా విద్యార్థి భాగంలో కూర్చునేవాళ్లు కనబడరు.

అక్కడ సీట్ల పంపకం ఒక శాస్త్రం. కొన్నిచోట్ల లాటరీ, కొన్నిచోట్ల సీనియారిటీ, కొన్నిచోట్ల ముందొచ్చినవారికి ముందు సీటు. మిషిగన్ విశ్వవిద్యాలయం 2013లో విద్యార్థులకు సీటు నంబర్లు తీసేసి ముందొచ్చినవారికి ముందు చోటు అన్నది. స్నేహితులు కలిసి కూర్చోలేకపోతున్నారని విద్యార్థులు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో మరుసటి ఏడాదే కేటాయింపు పద్ధతికి తిరిగి వచ్చింది. పెన్ స్టేట్‌లో పెద్ద మ్యాచ్‌కు ముందు విద్యార్థులు గేటు బయట గుడారాలు వేసుకుని ఉంటారు. ఏడాదిలో ఒక మ్యాచ్‌కు అందరూ తెల్ల చొక్కాలతో వస్తారు. విస్కాన్సిన్‌లో 1998 నుంచి మూడో, నాలుగో భాగాల మధ్య పాట వేస్తే విద్యార్థి గ్యాలరీ అంతా ఒక్కసారి ఎగురుతుంది.

వీటన్నిటి వెనుక ఒక ఆటసూత్రం ఉంది. ఎదుటి జట్టు దాడి చేస్తున్నప్పుడు దాని క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపే ఆటగాడు) మాట తోటివాళ్లకు వినబడకుండా చేయడం విద్యార్థుల పని. సొంత జట్టు చేతికి బంతి వచ్చినప్పుడు వాళ్లే మౌనం పాటిస్తారు. పాలమూరు కబడ్డీ కోర్టు దగ్గర రైడర్ కూత కోసం జనం గొంతు తగ్గించడం, ఎదుటివాడి కూతకు పెంచడం ఇదే పని.

తెలంగాణ నుంచి వెళ్లిన వేలమంది విద్యార్థులు ఈ గ్యాలరీలను దగ్గరగా చూశారు. అందరూ లక్ష సీట్ల విశ్వవిద్యాలయాల్లో చేరరు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే డెంటన్‌లోని నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయానికి 2011లో తెరిచిన 30 వేలకు పైగా సీట్ల స్టేడియం ఉంది. మిస్సోరి రాష్ట్రం మేరీవిల్ అనే చిన్న ఊళ్లోని నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ రెండో శ్రేణిలో ఆరుసార్లు జాతీయ విజేత. చాలా విశ్వవిద్యాలయాల్లో ఫీజులోనే క్రీడల రుసుము కలిసి ఉంటుంది, గుర్తింపు కార్డు చూపితే టికెట్ ఉచితంగానో తక్కువ ధరకో దొరుకుతుంది. నిబంధనలు అర్థం కాకపోయినా, ఎప్పుడు అరవాలో పక్కవాళ్లను చూసి పట్టుకోవడం జాతరలో పెరిగినవాడికి కష్టం కాదు.

గ్యాలరీ కూలితే

చోటు లేకపోవడం ఒక సమస్య. తొందరపడి చోటు కట్టడం ఇంకా పెద్ద సమస్య. 2021 మార్చి 22న సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభానికి ముందు తాత్కాలిక గ్యాలరీ జనంతో సహా కూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. కర్రలు, ఇనుప గొట్టాలతో కట్టిన నిర్మాణాల మీద జనం ఊరికే కూర్చోరు. పాయింటు రాగానే అందరూ ఒక్కసారి లేస్తారు, ఒక్కసారి ఎగురుతారు. ఆ కుదుపుకు కట్టాలి, బరువుకు మాత్రమే కాదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్ సందర్భంగా గొడవ, తొక్కిసలాటలో 16 మంది ప్రాణాలు పోయాయి. పోటీపడే రెండు పక్షాల వారిని కలిపి కూర్చోబెట్టడం, దారులు చాలకపోవడం ఎంత ప్రమాదమో ఆ రోజు చెప్పింది.

మట్టికట్ట

2022 జూన్ నుంచి తెలంగాణ ఊళ్లలో క్రీడా ప్రాంగణాలు తెరిచారు. ఆడేందుకు స్థలం చూపారు, చూసేవారి సంగతి అందులో లేదు. కళాశాల మైదానాలకు ఇనుప గ్యాలరీల కన్నా మట్టికట్ట మేలు. అది కూలదు, తుప్పు పట్టదు. వానకు కోసుకుపోకుండా అంచులకు రాయి పేర్చితే చాలు, ఈ ప్రాంతంలో రాయికి కొదవ లేదు. కట్టను మైదానానికి పడమటి పక్కన వేయాలి. పోటీలు ముగిసేది సాయంత్రం కనుక ఎండ చూసేవారి వీపున పడుతుంది, కళ్లలో కాదు. కట్ట వెనక వేప, కానుగ నాటితే నాలుగైదేళ్లలో నీడ కూడా వస్తుంది.

పొడవు 40 మీటర్లు, మెట్లు ఐదు అనుకుంటే, మనిషికి అర మీటరు చొప్పున వరుసకు 80 మంది, మొత్తం 400 మంది కూర్చుంటారు. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ 346 మీటర్ల గీత వెంట చెదిరిపోయే జనం అప్పుడు ఒకే చోట, మధ్యగీతకు ఎదురుగా ఉంటారు. అందులో ఒక సగం విద్యార్థినులకు ముందే కేటాయించాలి. అతిథి కళాశాల పిల్లలకు ఎదుటి గీత దగ్గర, వేరే గేటు నుంచి దారి ఇవ్వాలి. స్కోరు చెప్పే మైకును షామియానా నుంచి కట్ట దగ్గరికి జరపాలి, ఆఫ్‌సైడ్ ఎందుకో, పెనాల్టీ ఎందుకో పాలమూరు మాటలో చెప్పగల విద్యార్థికి దాన్ని అప్పగించాలి. డప్పు కింది మెట్టు మధ్యలో ఉంటే దెబ్బ రెండు చివరలకూ ఒకేసారి చేరుతుంది.